టింగ్ వినబడని వారం

రక్తపరీక్షల ల్యాబులో ట్యూబులు తీసుకునే బల్ల దగ్గర కూర్చునే ఆవిడను అందరూ చెవులమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. పక్క గదిలో చెంచా కిందపడితే ఎవరి చెంచాయో ఇక్కణ్ణుంచే చెప్పేసేది. కంప్యూటర్ తెర వంక అసలు చూసేదే కాదు. కళ్ళు ట్యూబు మీది చీటీ పైన, చెవులు యంత్రం మీద. ట్యూబును స్కానర్ ముందు పెట్టగానే వివరాలు ఎక్కితే సన్నగా ‘టింగ్’, ఎక్కకపోతే బొంగురుగా ‘ఢుం’. ఒకే ట్యూబును రెండోసారి పెట్టినా ఢుమ్మే.

ఆ సోమవారం ట్యూబు పెట్టింది. చప్పుడు లేదు. మళ్ళీ పెడితే ఢుం! తెర చూస్తే, వివరాలు ముందే ఎక్కి ఉన్నాయి. ఇంకో ట్యూబు పెట్టినా అంతే. ఢుం వినబడుతోంది, టింగ్ వినబడటం లేదు. ఆవిడ గుండె జారిపోయింది. వాళ్ళమ్మకు చెవుడు ఇలాగే మొదలైంది మరి! ముందు సన్న చప్పుళ్ళు పోయాయి, ఆ తర్వాత మనవరాలి మాటలు.

ఎవరినైనా అడిగితే ఏం పోయేది? అబ్బే, అడగదు! చెవులమ్మకు చెవుడంటే నవ్వరూ? తెరకూ ట్యూబుకూ మధ్య మెడ తిప్పలేక చచ్చింది. శనివారం ఒక ట్యూబును తెర చూడకుండానే ట్రేలో పడేసి, మళ్ళీ వెతికి తీసేసరికి ముచ్చెమటలు పట్టాయి. ఎవరి రక్తమో, ఎవరి ప్రాణమో! ఇక దాచడం పాపమనిపించి, లోపలికొచ్చిన డాక్టరమ్మకు ఎదురెళ్ళింది.

“అమ్మా, నాకు చెవులు పోతున్నాయి. టింగ్ వినబడట్లేదు. ఈ బల్ల ఇంకెవరికైనా ఇచ్చేయండి,” అంటూ బావురుమంది.

పక్క బల్ల పిల్ల నాలుక కరుచుకుంది. “అయ్యో అక్కా! అది నేనే ఆపేశాను. పోయిన వారం తలనొప్పితో ‘ఈ టింగుటింగులతో చస్తున్నా’ అన్నావుగా! తప్పు చెప్పే ఢుం ఉంచి, అదొక్కటే తీసేశా. నువ్వేమీ అనకపోతే హాయిగా ఉందేమో అనుకున్నా.”

“నీ ఉపకారం తగలెయ్య! వారం నుంచీ నాకు కంటి మీద కునుకు లేదే!”

తిట్టడమైతే తిట్టింది గానీ, ఆ పిల్లను వాటేసుకుని వదల్లేదు.

“ముందు దాన్ని మోగనియ్యవే తల్లీ,” అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ.

పిల్ల సరిచేసింది. చెవులమ్మ ట్యూబు పెట్టింది. టింగ్! హమ్మయ్య! అయినా ఆశ తీరక అదే ట్యూబును మళ్ళీ పెట్టింది. యంత్రం ఊరుకుంటుందా? ‘ఢుం’ అంది.

“కోప్పడు నాయనా, కోప్పడు,” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. “అన్నీ వినబడుతున్నాయి.”