కట్టని ఇంటికి కాపురం

ఎవరైనా ఇల్లు మారేటప్పుడు సామాను సర్దుకుంటారు. నేను మాత్రం, మారబోయే ఇంటికి కప్పు కూడా పడకముందే సామానంతా ఊరికి పంచిపెట్టాను. ఆ ఘనకార్యం ఎందాకా పోయిందో చెబుతాను. నవ్వితే నవ్వండి, నాకేం ఫరవాలేదు. మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

బళ్లారి చుట్టూ గనులు జోరుమీదున్న రోజులవి. కంటోన్మెంటులో మా ఇల్లు. నేను అప్పుడే టీచరుగా రిటైరయ్యాను. మా ఆయన దానియేలు అంతకుముందే రైల్వేలో గూడ్సు గార్డుగా పని చాలించాడు. ఖనిజం లారీలు తిరిగీ తిరిగీ, పొద్దున ఆరేసిన నా తెల్లచీర సాయంత్రానికల్లా కాషాయం పుచ్చుకునేది. క్రైస్తవుల ఇంట్లో ఇదేం గోలండీ!

ఆ దుమ్ముకు తాళలేక, తెక్కలకోట పొలాల పక్కన రిటైరైనవాళ్ల కోసం ఒక ట్రస్టువాళ్లు గదులు కడుతున్నారంటే పోయి ఒకటి మాట్లాడుకున్నాం. ఆఫీసులో ఆవిడ ఏవో వివరాలు చెబుతోంది. నేను వింటేగా! నడుమెత్తు లేచిన గోడల మధ్య ఈ మూల నుంచి ఆ మూలకు అడుగులు వేసి కొలుస్తున్నాను.

"ఉగాదికంతా మీరు ఈడ ఉంటారమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఏ ఉగాదికో నేను అడగలేదు.

ఇంటికొస్తూనే పంపకం మొదలుపెట్టాను. మూడు గదుల సామాను ఒక్క గదిలో పట్టదు కదా! మంచాలు పాస్టరుగారింటికి, బీరువా మా చెల్లెలికి, పడక్కుర్చీ ఎదురింటి సైకిల్‌షాపు నాగప్పకు పోయాయి. మా ఆయన షికారు నుంచి వచ్చి, కళ్లజోడు తుడుచుకుంటూ అలవాటు చొప్పున కుర్చీ ఉండేచోట కూర్చున్నాడు. కుర్చీ లేదు. నేల ఉంది.

"నా పడక్కుర్చీ యాడుండాది?" కిందనుంచే అడిగాడు.

"నాగప్పకిచ్చినా."

"మంచాలు?"

"పాస్టరుగారికి."

"మరి నన్నెవురికిస్తాండావు?"

"ముందే తగ్గించుకుంటే పోయేరోజు హాయిగా ఉంటాది. మీకు ముందుచూపు లేదు."

"ముందుచూపు సరేనే, ఈపొద్దు యాడ పండుకునేది?"

చాప చూపించాను.

ఈలోగా మా చర్చి సంఘంలో మాకు వీడ్కోలు కూడా చేసేశారు. శాలువా కప్పారు, పాస్టరుగారు సుదీర్ఘంగా ప్రార్థించారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అంత నిండుగా ఏడ్చినదాన్ని మళ్లీ వారమే అదే గుడిలో అదే బల్లమీద కనిపిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

"ఇంగా పోలేదా టీచరమ్మా?"

"ఉగాదికి పోతాండాం."

ఉగాది వచ్చింది. బస్సెక్కి తెక్కలకోట పోయాం. గోడలు అదే నడుమెత్తున ఉన్నాయి. కొత్తగా చేరిందల్లా వాటిమీద మేకలు.

"మేస్త్రీ బండ్రి కాడ గనుల్లోకి పోయినాడమ్మా," అన్నాడు వాచ్‌మన్. "లారీలన్నీ ఆడికే పోయినాయి. ఈడికి ఇటుకలు తెచ్చేవాళ్లు యాడుండారు?"

"నువ్వన్నా ఉండావు గదప్పా!"

"నేనూ సోమవారం పోతాండా."

ఇక ఆదివారాలు నేను వెనక బల్లమీద కూర్చుని, చివరి పాట సగంలో ఉండగానే జారుకోవడం నేర్చుకున్నాను. మా ఆయనకు ఆ సిగ్గేమీ లేదు. రోజూ పొద్దున్నే పేపరు చంకలో పెట్టుకుని నాగప్ప ఇంటికి పోయి, తన కుర్చీలో తాను అతిథిగా కూర్చునేవాడు. టిఫిన్ అక్కడే, కునుకు అక్కడే. చివరికొక రోజు నాగప్పే కుర్చీని నెత్తిన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచరమ్మా, దీన్ని మీరే పెట్టుకోండి. అప్ప వచ్చేది నాకు సంతోషమే. కానీ మా ఇంటికొచ్చే చుట్టాలు ఆయప్పను ఇంటి యజమాని అనుకుంటాండారు. నన్ను చూసి, ఎవురప్పా నువ్వు అంటాండారు!"

పాస్టరుగారి మంచాల మీద అప్పటికే వాళ్ల మనవలు దొర్లుతున్నారు. వాళ్లను లేపి తెచ్చుకోలేం కదా! కొత్త మంచాలు కొన్నాం. తర్వాత బీరువా కొన్నాం. ఎలాగూ కొంటున్నాం కదా అని పాతవాటికంటే పెద్దవే కొన్నాం.

రెండు వానాకాలాలు పోయాక గదులు తయారయ్యాయి. ఒక లారీవాణ్ణి బతిమాలి అన్నీ ఎక్కించాను. "బేగ దించండమ్మా, నాకు గనుల లోడు ఉండాది," అంటూ అతను సామానంతా అక్కడి వాకిట్లో కుప్పపోసి, దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆఫీసావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఇదేందమ్మా ఇదంతా? గదిలో మంచాలు, బీరువా, కుర్చీలు అన్నీ ఉండాయి. బట్టలు తెచ్చుకుంటే చాలని మొదటిరోజే చెప్తిని గదా!"

ఇచ్చేసినందుకు ఏడవాలా, మళ్లీ కొన్నందుకు ఏడవాలా? ఎటూ తేల్చుకోలేక, నా మంచం మీదే, నడివాకిట్లో కూలబడ్డాను. మాకంటే ముందు వచ్చి చేరిన పెద్దవాళ్లంతా చుట్టూ మూగారు. ఒకావిడ మంచం కోడు తట్టి చూసి అడిగింది:

"గట్టిగానే ఉండాది. ఎంతకిస్తావమ్మా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు:

"అమ్మకం గాదక్కా, ఊరికే తీసకపో. మా ఇంటామెకు అదొక జబ్బు."

ఆ వాకిట్లోనే, అంతమంది నవ్వుల సాక్షిగా కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను. నేను మారాల్సిన ఇల్లు ఇంకొక్కటే ఉంది, అది పైన. అక్కడికి పిలుపొచ్చినా సరే, మంచాలు ఇస్తారో ఇవ్వరో కనుక్కున్నాకే ఇక్కడివి పంచుతాను.