ఆకు చూసి నీళ్లు పోసిన మనిషి

నిన్న ఆఫీసులో పసుపెక్కిన మనీప్లాంటు కుండీని పక్కకు జరిపితే కుళ్లిన వేళ్ల వాసన గుప్పుమంది. ఎవరో ప్రేమ కొద్దీ రోజూ నీళ్లు పోస్తున్నారన్నమాట. ఆ వాసన తగిలితే నాకు మాణిక్యమ్మగారు గుర్తొస్తారు, ఆ పూటకి ఇక పని సాగదు. రాయచూరులో నేను అద్దెకు దిగిన ఇంటి పక్క వాటాలో ఆవిడా, ఆవిడ చెల్లెలూ ఉండేవారు. ఇద్దరూ ఒకప్పుడు బజారులో గాజుల దుకాణం నడిపారు.

మాది సింధనూరు దగ్గర వలస రైతుల క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం. కాలువకు నీళ్లొచ్చాయంటే మళ్లీ ఎప్పుడొస్తాయోనని గట్లు తెగేదాకా పెట్టుకోవడమే మాకు తెలిసిన సేద్యం. రాయచూరులో నాలుగు రోజులకోసారి కుళాయి వచ్చేది. ఆ రోజున వరండాలో కుండీలన్నిటికీ అంచుదాకా పోసి క్యాలెండరులో టిక్కు పెట్టేదాన్ని. ఒక్కొక్కటే చచ్చేవి. చచ్చినకొద్దీ మిగతావాటికి ఇంకా పోసేదాన్ని. నా తెలివి అలా ఏడ్చింది.

"ఏంది బిడ్డా, గిట్ల ముంచుతున్నవ్? ఇది వరి మడి అనుకున్నవా?" అన్నారావిడ ఒకరోజు గోడ మీదుగా.

"మరి ఎన్ని రోజులకోసారి పొయ్యాలి మామ్మగారూ?"

"రోజులు లెక్కవెట్టకు. దాని మొకం చూడు. దూపైతే మనిషి మొకంల తెల్వదా? గట్లనే."

ఆ మధ్యాహ్నమే వచ్చి నా చేత కుండీలు ఎత్తించారు. బరువున్నదాన్ని దించెయ్యమన్నారు, తేలిగ్గా ఉన్నదాని మట్టిలో వేలు గుచ్చించారు. ఆకు వాలిందో, రంగు మాసిందో నాతోనే చెప్పించేవారు. తప్పు చెబితే "నీకు ఆఫీసుల జీతం ఎట్ల ఇస్తున్నరు?" అని నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి కుండీ ఎత్తకుండానే నాకు తెలిసిపోయేది. ఎలా అని అడిగితే చెప్పలేను.

మరుసటి ఎండాకాలం ఆవిడ చెల్లెలు పోయింది. నాకు చేతనైంది చెయ్యాలని రోజూ ఎనిమిదింటికి అన్నం క్యారియర్ పట్టుకెళ్లేదాన్ని. గడపలో చెప్పులతోనే నిలబడి, "ఎలా ఉన్నారు మామ్మగారూ?" అనేదాన్ని. "మంచిగనే ఉన్న బిడ్డా" అనేవారు. వెంటనే బస్సుకు పరుగు. రెండు నెలలు ఒక్క రోజు తప్పలేదని లోలోపల గర్వం కూడా. ఒకరోజు పిలిస్తే పలకలేదు. తలుపు తీయించి ఆసుపత్రికి తీసుకెళితే, ఈమె సరిగ్గా తిని వారాలైందన్నాడు డాక్టరు. రోజూ నేనే పెడుతున్నానని ఆయనతో పోట్లాడాను. మంచం మీదినుంచి ఆవిడే మెల్లగా అన్నారు: "ఎదురింటి బర్రెకు వేస్తుంటి బిడ్డా. చెల్లె పోయినంక ముద్ద దిగకపాయె. నువ్వు గంత ప్రేమతోటి తెస్తుంటివి, ఎట్ల వద్దందు?"

మూడో రోజు పోయారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తరువాత నా ఫోనులో ఆవిడ ఫోటో చూశాను. ఆ రెండు నెలల్లోనే ఎప్పుడో నేను కుండీలను తీస్తుంటే వెనకాల పడింది. బుగ్గలు లోపలికి పోయాయి, రవిక భుజం మీదినుంచి జారిపోతోంది. పసిపిల్ల అయినా కనిపెట్టేది. నేను కనిపెట్టలేదు, నన్ను నేను క్షమించుకోలేదు.

ఆవిడ కుండీలన్నీ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి, ఒక్కటీ చావలేదు. చూసినవాళ్లు నీ చేతి చలువ అంటారు. ఆ చేత్తోనే రెండు నెలలు క్యారియర్ అందించి, ఒక్కసారీ ఆవిడ మొహంలోకి చూడకుండా వచ్చేశాను.