ముడి తర్వాత మూరెడు తాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మంచం దూలానికి వేలాడింది. దానికి కాళ్ళు లేవు. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు, అందులో నేను గొప్పగా చెప్పుకోవాల్సింది ఏమీ లేదు కనక. ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది. నరసన్నపేటలో మా అబ్బాయి కొత్తగా కట్టుకున్న ఇంట్లో మా మనవరాలు తన గదికి వేలాడే మంచమే కావాలని పట్టుబట్టి కూర్చుంది. ఫోనులో బొమ్మలు చూపించింది. ఒకటి పిచ్చుకగూడులా గుండ్రంగా ఉంది. ఇంకొకటి ఒట్టి చెక్క పలక, నాలుగు మూలలా నాలుగు తాళ్ళు. మరొకటి అద్దాల గోడ పక్కన గాలిలో నిలబెట్టినట్టు ఉంది. ప్రతి బొమ్మలోనూ తెల్లటి దుప్పటి ఉంది, పక్కన పూలకుండీ ఉంది. ఒక్క బొమ్మలోనూ పైకప్పు లేదు. మంచాన్ని మోసేదేదో అది మాత్రం ఎవరూ చూపించలేదు. నాకు ఒళ్ళు మండింది.

మోకాళ్ళ నొప్పుల మనిషి ఊగే మంచం మీంచి ఎలా లేస్తుంది? ఒకళ్ళు ఒత్తిగిలితే పక్కవాళ్ళకి మెలకువ రాదా? దోమతెర దేనికి కడతారు? ఇవన్నీ అడిగాను. నీకు ఏదీ నచ్చదు నాన్నమ్మా అంది. నచ్చకపోడానికి కారణం ఉంది, కూర్చో చెప్తాను అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. తాటాకు ఇల్లు, మట్టి నేల. వానాకాలం వస్తే ఆ నేల కిందనించి ఊరేది. పొద్దున్న పరిచిన చాప మధ్యాహ్నానికి తడిసి బరువెక్కేది. నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మ తమ్ముణ్ణి కన్నది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నులకమంచం కాళ్ళు చెదలు తినేసి విరిగిపోయింది. మా నాన్న ఒడిశా రేవులో పనికి వెళ్ళాడు, వానలు తగ్గేదాకా రాడు. బాలింత తడినేల మీదే పడుకునేది. పదో రోజుకి అమ్మకి దగ్గు పట్టుకుంది. తమ్ముడు ఊపిరి తీసుకుంటుంటే గొంతులో గరగరమని చప్పుడయ్యేది. మా నాన్న తల్లి, అంటే మా మామ్మ, రోజుకి పదిసార్లు వాడి ఛాతీ మీద చెవి పెట్టి వినేది. విని ఏమీ చెప్పేది కాదు. ఆవిడ ఏమీ చెప్పకపోతేనే మాకు భయం.

ఆ సమయంలో మా చిన్నాన్న ఓడ పని వదిలి ఇంటికొచ్చాడు. ఓడలో పనివాళ్ళు వేలాడే పక్కల మీద పడుకుంటారని చూసొచ్చాడు. కొత్త మంచానికి కలప లేదు, వానలో తెచ్చేవాళ్ళు లేరు. తాడు మాత్రం ఆయన దగ్గర చుట్టలు చుట్టలుగా ఉంది. అప్పట్లో మా పేటలో ఎవరూ ముట్టుకుని ఎరగని నైలాను తాడు, నీలం రంగుది. నాలుగు సరుగుడు కర్రలు చట్రంగా బిగించాడు, మధ్యలో పాత వల రెండు మడతలు వేసి అల్లాడు, మూలల్లోంచి తాళ్ళు పైకి తీసి తాటి దూలానికి కట్టడం మొదలుపెట్టాడు. పగలు కావాలంటే దాన్ని పైకి లాగేసి కింద వంట చేసుకోవచ్చట. చీమ ఎక్కదు, జెర్రి ఎక్కదు, నేల చెమ్మ తగలదు. మాట వినడానికి ఎంత బాగుందో!

చూడ్డానికి పేటంతా వచ్చింది. పక్కింటి పెద్దమ్మ గుమ్మంలోనే నవ్వడం మొదలుపెట్టింది. "ఓలమ్మా, తల్లికే ఉయ్యాల కట్టీసినాడు మీ సిన్నోడు. మరి పిల్లడికేటి కడతాడే?" అంది. మా మామ్మ నవ్వలేదు. మంచం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మంచవంటే నేల మీద నిలబడాల. ఇదేట్రా, కల్లుకుండలాగ ఎలాడతన్నాది?" అంది. చిన్నాన్న మొహం చిన్నబోయింది. అయినా చేతులు ఆపలేదు.

మూడు మూలలు కట్టాక పడవ ఒడ్డుకి లాగడానికి మనిషి కావాలని కేకేస్తే ఆయన పరుగెత్తాడు, చూడవచ్చినవాళ్ళూ వెనకే పోయారు. నాలుగో తాడు దూలం మీంచి ఊరికే వేలాడుతోంది. నాకు చెయ్యి ఊరుకోలేదు. అయిదేళ్ళ వయసు నించి చిరిగిన వలలు బాగుచేసిన చెయ్యి అది. కుండల గట్టు ఎక్కి, తాడు దూలానికి చుట్టి, నాకు తెలిసిన ముడే వేశాను. వలకి వేసే ముడి. పళ్ళతో పట్టి లాగి బిగించాను. ముడి దాటి మిగిలిన తోక చూస్తే అసహ్యంగా అనిపించింది. వలలో ముడి వెయ్యగానే తోక మొదలంటా కొయ్యాలి, లేకపోతే మామ్మ ఊరుకోదు, తోకలున్న వల చిక్కులు పడుతుంది, దారం దండగ. అలవాటు కొద్దీ వల కత్తితో మొదలంటా కోసేశాను. కోసిన ముక్క దాచుకున్నాను కూడా. చాలా పొందికగా వచ్చిందని మురిసిపోయాను. చిన్నాన్న తిరిగొచ్చి, నాలుగు మూలలూ నిలిచి ఉండడం చూసి, నాలుగూ తనే కట్టాననుకున్నాడు. నేనూ చెప్పలేదు. మంచం గురించి అందరూ మెచ్చుకున్నాక చెబుదామనుకున్నాను.

అమ్మని పడుకోబెడదామని చిన్నాన్న పాత చీర పరిచాడు. మామ్మ అడ్డంగా నిలబడింది.

"ముందు ఇసక తొంగోవాల. ఇసక లెగిసినాక మనిషి."

"నా సేతి మీద నమ్మకం నేదేటమ్మా?"

"నీ మీద ఉన్నాదిరా. తాడు మీద నేదు. నువ్వు నా కడుపున పుట్టినావు గానీ తాడు పుట్టనేదు."

మూడు గోనెసంచుల నిండా తడి ఇసక పోయించి మంచం మీద పెట్టించింది. మూడు పొద్దులు అలాగే ఉండాలంది. పక్కన అమ్మ దగ్గుతోంది, చిన్నాన్న పళ్ళు కొరుకుతున్నాడు, ఈవిడ కదలలేదు. ఆ రెండు రోజులూ నాకు మా మామ్మంటే పరమ అసహ్యం పుట్టింది. బాలింత తడినేల మీదా, ఇసక మంచం మీదా! ఇంత రాతి గుండె ఉంటుందా అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం మేం అన్నాలు తింటున్నాం. పెద్ద చప్పుడేమీ కాలేదు. వాన జల్లు ఆకు మీద జారినట్టు సర్రుమంది, అంతే. ఒక మూల కిందికి వాలింది. మూడు సంచులూ ఆ మూలకే దొర్లాయి. మొదటిది సన్నికల్లు మీద పడి పిగిలింది. అది తలవైపు మూల. అమ్మ గోడకి ఆనుకుని తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆ పరుచుకున్న ఇసక వంక చూసి, ఏమనుకుందో, తమ్ముడి తల మీద రెండు చేతులూ కప్పింది.

అందరి కంటే ముందు మామ్మ లేచింది. ఎంగిలి చేత్తోనే జారిన తాడు కొస పట్టుకుని చూసింది. ముడి విడిపోయింది గాని కొత్త నైలాను కదా, మెలిక మెలికలాగే ఉంది. నాది పుర్రచెయ్యి. నేను వేసిన ముడి అందరి ముడికీ ఎదురు తిరుగుతుంది. మా ఇంటి వలల్లో నా ముళ్ళు ఏవో మామ్మ తడిమి చెప్పేది. ఆ కొస జానెడు కోసి రొండిన దోపుకుంది. నా వైపు చూడలేదు.

ఇంక చిన్నాన్నని పేట వదల్లేదు. "ఓడ మీద ఊగొచ్చినోడు ఇంట్లో మునిగిపోనాడు" అన్నారు. "ఒరే బావా, మా గేదెకొక మంచం కట్టీరా, పీడ వదిలిపోతాది" అన్నాడొకడు. చిన్నాన్న ఆ సాయంత్రం అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే గొడ్డలి తీశాడు. చట్రం పొయ్యిలో పెట్టేస్తానన్నాడు. ఎవరూ వద్దనలేదు. అమ్మ మళ్ళీ దగ్గింది.

మామ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా చేతికి ఒక దారం ముక్క ఇచ్చి, ఏదీ, ఒక ముడి వెయ్యి అంది. వేశాను. ఆవిడ రొండినించి నీలం ముక్క తీసి నా ముడి పక్కన పెట్టింది. రెండూ ఎడమకే తిరిగి ఉన్నాయి. తల తిప్పుకుని గొడ్డలి వైపు చూస్తూ కూర్చుంది. నేను నోరు విప్పకపోతే మంచం పొయ్యిలోకి పోతుంది, అమ్మా తమ్ముడూ ఆ ఊటనేల మీదే ఉంటారు. విప్పితే వీపు విమానం మోత మోగుతుంది. ఆవిడ నాకోసం చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు.

చిన్నాన్న గొడ్డలి ఎత్తాడు.

"సిన్నాన్నా, ఆ ముడి నాది!" అని అరిచేశాను.

ఆయన గొడ్డలి దించి దగ్గరికొచ్చాడు. కొడతాడని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. ఆ నీలం ముక్క అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తోక ఎంత వదిలినావే?"

"వదల్నేదు. కోసీసినాను."

"ఎందుకే?"

"ఊరికే ఎలాడతన్నాదని. దండగని."

మామ్మ అప్పుడు నవ్వింది. తమ్ముడు పుట్టాక అదే మొదటిసారి. నవ్వి, వెంటనే మొహం ముడుచుకుని, "ఈ గుంట కట్టింది. నువ్వు సూణ్ణేదు. ఇద్దరూ సిగ్గుపడండి" అంది. "అవునమ్మా, నాను సూణ్ణేదు" అన్నాడు చిన్నాన్న. ఆయనకి అది గొడ్డలి దెబ్బ కంటే గట్టిగా తగిలిందని ఇప్పుడు అర్థమవుతోంది. నాలుగు మూలలూ కట్టానన్నవాడు నాలుగో మూలని తలెత్తి చూడలేదు. ఆ రోజు మాత్రం నాతో పాటు తనూ తప్పు ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

తరువాత ఆయన నాకు లంగరు తాడుకి వేసే ముడి నేర్పాడు. నాలుగు మూలలూ నాచేతే కట్టించాడు, పుర్రచేత్తోనే. దారం అయితే ముడి దానంతటదే కరుచుకుంటుందట. నైలాను నున్నటిది, బరువు పడ్డకొద్దీ లోపలికి జారుతుంది. అందుకని ముడి దాటాక మూరెడు తాడు వదలాలి. జారినా ఆ మూరెడూ జారేలోపు మనిషి చూసుకుంటాడు. ఆ తోక ఎందుకూ పనికిరానట్టే వేలాడుతుంది. దాని పని అదే.

మళ్ళీ ఇసక పడుకుంది, ఈసారి మూడు పొద్దులూ. రోజూ పొద్దున్నే నాలుగు తోకలూ నేనే జానతో కొలిచాను. మొదటిరోజు రెండు వేళ్ళు జారాయి, తరువాత జారలేదు. సంచులు దించాక అమ్మ లేవబోతే మామ్మ ఆపింది. "కట్టినోళ్ళే ముందు తొంగోవాల" అని నన్ను ఎక్కించింది. బిక్కచచ్చి పడుకున్నాను. పైన నా ముళ్ళు నాలుగూ కనిపిస్తున్నాయి. వీపు కిందనించి గాలి తగిలింది. ఒళ్ళు తేలికైంది. అబద్ధం ఎందుకు, సుఖంగానే ఉంది. అమ్మ నెల దాటేదాకా దానిమీదే పడుకుంది. దగ్గు తగ్గింది, తమ్ముడి గరగర తగ్గింది. ఇప్పుడు వాడికి మనవలు. వానలు పోయాక నాన్న వచ్చి కాళ్ళున్న మంచం చేశాడు. ఆ తాళ్ళు పడవకి పోయాయి. పని తీరాక దాన్ని అందం కోసం ఉంచుకోవాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మా మనవరాలు మాట నెగ్గించుకుంది. మొన్న ఒకాయన పెట్టెలతో సహా ఆమదాలవలసలో రైలు దిగి వచ్చి మంచం బిగించాడు. హుక్కులు అలంకారానికి పెట్టిన పల్చటి సీలింగుకే కొట్టబోతుంటే, అది తీయించి లోపలి శ్లాబు దాకా దించమన్నాను. ఇది కంపెనీ హుక్కండీ అన్నాడు. కంపెనీ పడుకుంటుందేటి దీనిమీద అన్నాను. బిగించాక తాళ్ళ తోకలు కత్తెరతో మొదలంటా కోసేశాడు, చూడ్డానికి బాగుంటుందని. నాలుగు తాళ్ళూ విప్పించి, కొత్త తాడు తెప్పించి, మూరెడు వదిలి మళ్ళీ కట్టించాను. తరువాత మూడు బస్తాల తడి ఇసక తెప్పించాను. బస్తాల్ని పడుకోబెడతారా అని ఆయన నవ్వాడు. అవి లేచాక నువ్వు పడుకో, ఆ తరువాతే మా పిల్ల అన్నాను. నవ్వు ఆగింది.

ఇవాళ రెండో పొద్దు. ఇసక మంచం మీద ఉంది, మా మనవరాలు పక్కన నేల మీద చాప వేసుకుని నాతో మాట్లాడకుండా పడుకుంటోంది. ఆ వేలాడే తోకలు బొమ్మలో లేవని, గది అందం చెడగొడుతున్నాయని దాని ఏడుపు. ఆ పిల్ల కళ్ళల్లో నామీద ఏముందో నాకు తెలుసు, అది ఒకప్పుడు నా కళ్ళల్లోనూ ఉంది. నేను సబ్బు ముక్కలు అతికించి వాడేదాన్ని, చీపురు అరిగిపోయేదాకా పారెయ్యనిదాన్ని. నా జీవితంలో దండగ అని తెలిసీ కొయ్యకుండా వదిలేది ఒక్కటే ఉంది. ఈ పూట కూడా జానతో కొలిచాను. తలవైపు మూల ఒక వేలు జారింది. ఇంకా బోలెడు ఉంది.