తిట్ల లెక్క

మూడో తరగతి మొదలైన జూన్ నుంచి దసరా సెలవుల దాకా మా అమ్మాయి రూతు పోగొట్టినవి: పలకలు ఆరు, చెప్పులు నాలుగు జతలు, గొడుగు ఒకటి, టిఫిన్ గిన్నె మూతలు మూడు. తొంభైల మొదట్లో, ఏడేళ్ల కిందటి సంగతి ఇది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ములకలపల్లి దగ్గర బీడీలకు వాడే తునికాకు కొనే కల్లంలో ఆకు కట్టలు లెక్క తీసుకుంటూ లెక్కలు నేర్చుకున్నాను.

ఏదో తేడా ఉందని నాకు తెలిసింది హెడ్మాస్టరు పిలిపించిన రోజు. రూతు గంటలో పదకొండుసార్లు లేచిందట.

"తెలివి లేని పిల్ల గాదు. కానీ కూసోదు, పక్కోళ్లను రాయనీయదు. పెద్ద పరీక్షల దాకా చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే తోలుకపో," అన్నారు.

మా ఊళ్లో ఇంకో బడి లేదు. దాని చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయం పట్టుకుంది.

కల్లంలో లెక్క తప్పితే మొదటి కట్ట నుంచి మళ్లీ లెక్కించాలి. ఒక్క కట్ట తగ్గినా ఆకు కోసినవాళ్ల కూలి పోతుంది. ఆ పద్ధతే నా బిడ్డకూ పెట్టాను. ఎక్కాల్లో ఒక్కటి తప్పినా రెండో ఎక్కం నుంచి మళ్లీ చెప్పాలి. ఒక ఆదివారం ఏడో ఎక్కంలో తొమ్మిదిసార్లు తప్పింది. తొమ్మిదిసార్లూ వెనక్కి పంపాను. పదోసారి లేచి రోడ్డు మీదికి పరుగెత్తింది. భద్రాచలం బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సు తగల్లేదు గానీ, కంకర మీద పడి గడ్డం చిట్లింది.

"ఆకు కట్టలు నువ్వెన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు తిరుగుతయ్. ఇది పిల్లయ్యా!" అని నా భార్య ఎస్తేరు ఏడ్చింది.

ఖమ్మం దవాఖానాలో నాలుగు కుట్లు వేశారు. ఆ కాసేపట్లోనే రూతు స్టూలు రెండుసార్లు పడేసింది. అది చూసి పిల్లల డాక్టరమ్మ, "ఇంట్లోనూ ఇంతేనా?" అని అడిగారు. హియరింగ్ టెస్ట్, రక్తపరీక్ష, ఫిట్స్ ఉన్నాయేమోనని ఈఈజీ చేయించారు. అన్నీ నార్మల్. నాకు భయం ఇంకా పెరిగింది. కాగితంలో లేని జబ్బును ఎక్కడ వెతకాలి?

హైదరాబాదుకు రాసిచ్చారు. అక్కడి డాక్టరు మూడుసార్లు చూశాక, "అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్" అన్నారు. "ధ్యాస నిలవదు, కుదురుగా కూర్చోలేదు. మొండితనం కాదు. మీ పెంపకం వల్ల వచ్చిందీ కాదు."

ఆయన రాసిన టాబ్లెట్ మొదలుపెట్టాక రూతు బడిలో కూర్చుంది, కానీ అన్నం ముట్టలేదు. నెలలో రెండు కిలోలు తగ్గింది. డాక్టరు డోస్ తగ్గిస్తే మళ్లీ లేవడం మొదలైంది. పరీక్షలకు ఇంకా ఇరవై రెండు రోజులే ఉన్నాయి.

"మీరు లెక్కలు బాగా చూస్తారుగా. ఒక్కరోజు పాపను ఎన్నిసార్లు తిట్టారో, ఎన్నిసార్లు మెచ్చుకున్నారో రాసుకురండి," అన్నారు డాక్టరు.

రాసుకెళ్లాను. తిట్లు నలభై మూడు. మెచ్చుకోలు సున్న.

ఆయన నవ్వలేదు. "ప్రతి తిట్టుకు ఒక మంచి మాట చెప్పండి, అదీ చేసిన పని చూసి. ఎక్కం తప్పితే తప్పిన చోటు నుంచే చెప్పించండి. నడుస్తూ చెప్పనివ్వండి."

వాకిట్లో ఇద్దరం నడిచాం. ఎనిమిదో రోజుకు పన్నెండో ఎక్కం దాటింది. డాక్టరు ఇచ్చిన చీటీ చదివి హెడ్మాస్టరు, "ఎట్లాగూ లేస్తది గద, తాగే నీళ్ల కుండ నింపే పని దీనికే ఇస్త," అన్నారు. రూతు పాసైంది. బడి నుంచి తీయలేదు.

ఇప్పుడు పదో తరగతి. డాక్టరు చెప్పిన మీదట టాబ్లెట్ ఆపి రెండేళ్లయింది. బస్సు హారన్ వినబడితే నా చూపు ఇప్పటికీ రోడ్డు మీదికి పోతుంది.

ఇలాంటి పిల్లలున్నవాళ్లకు ఒక్కటే చెప్తాను. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక్కరోజు తిట్లకు ఒక వరుస, మంచి మాటలకు ఒక వరుస గీతలు పెట్టండి. రిపోర్టులతో పాటు ఆ కాగితమూ తీసుకెళ్లండి.

నేను ఇప్పటికీ పెడుతున్నాను. ఇది రాస్తుంటే రూతు భుజం మీదుగా తొంగిచూసింది.

"నాయినా, ఇయ్యాల నాకెన్ని బాకీ?"

చూశాను. తిట్లు తొమ్మిది, మంచి మాటలు నాలుగు. ఇంకా ఐదు.