బావ చుట్టిన దారం

మా అక్క మొగుడికి కాస్త నూలు దారం, డబ్బా అడుగున ఇంత సఫేదా ఉంటే చాలు, లోకంలో ఏ మరనైనా బిగించేస్తాడు. బాన్సువాడ చుట్టుపక్కల బోరు మోటర్లు ఎత్తీ దించీ ఆ చేతులకు అలవాటైన విద్య అది. మర కనబడితే దారం చుట్టాలి, దాని మీద తెల్లటి సఫేదా ముద్ద పట్టించాలి, అప్పుడే బిగించాలి. చుక్క నీరు కారిందంటే ఆయన పరువు కారినట్టే.

ఆ యాసంగి కోతలప్పుడు నా లారీ ఇంజన్ ఫ్యాను రెక్కలు విరిగి కూచుంది. పాత బండి, సామాను దొరకదు. విసిగిపోయి రేడియేటర్ ముందు రెండు కరెంటు ఫ్యాన్లు బిగించుకున్నాను. నీళ్ళు వేడెక్కితే అవి వాటంతటవే తిరగాలి కదా, దానికోసం ఇంజన్‌కు ఒక టెంపరేచర్ స్విచ్చు. బొటనవేలంత ఇత్తడి ముక్క. దానికి ఉండేది ఒకటే వైరు. రెండో దారి దాని ఒళ్ళే. మరలు ఇంజన్ ఇనుముకు ఆనుకుంటేనే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి.

నేను డాష్‌బోర్డు కింద తల దూర్చి వైర్లు లాగుతుంటే బావ వచ్చాడు.

"నువ్వు నీ వైర్లు సూసుకో బామ్మర్ది. గీ మర నేను బిగిస్త."

అక్క మొగుణ్ణి వద్దంటే అక్క ముఖం ఎలా చూడను? పైగా మర్నాడు లారీకెక్కేవి ఆయన వడ్లే. సరే అన్నాను. ఆ "సరే" అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు.

మర్నాడు నస్రుల్లాబాద్ దగ్గర కొనుగోలు కేంద్రంలో తూకమయ్యాక బస్తాలెక్కించి, పరదా కప్పి బావా నేనూ బయలుదేరాం. తూకమైతే అయింది గానీ, బాన్సువాడ మిల్లులో దిగేదాకా ఆ వడ్లు రైతువే. దారిలో తడిస్తే మిల్లువాళ్ళు దింపుకోరు, వెనక్కి తీసుకుపొమ్మంటారు. బిచ్కుంద దిక్కున మబ్బు కాటుకలా కమ్ముకొస్తోంది. పరదాకేమో చిరుగులు.

ఊరు దాటామో లేదో, టెంపరేచర్ సూది ఎర్ర గీత మీద కూచుంది. ఫ్యాన్లు ఉలకవు, పలకవు. బండి పక్కకు ఆపి దిగాను. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. రిలే మార్చాను, లాభం లేదు. చివరికి స్విచ్చు మీది వైరు పీకి పక్కనున్న బోల్టుకు ఆనించాను. రెండు ఫ్యాన్లూ గిర్రున తిరిగాయి! అంటే వైరింగులో తప్పు లేదు. స్విచ్చు అమ్మినవాణ్ణి తిట్టబోతూ వంగి చూశాను. మర చుట్టూ తెల్లగా, పెళ్ళింటికి సున్నం వేసినట్టు సఫేదా.

"బావా, దీనికేం సుట్టినవ్?"

"ఏం సుడుతరు? దారం సుట్టి సఫేదా పూసిన. ఒక్క సుక్క కారిందా సూడు!"

నిజమే, కారలేదు. నీళ్ళూ దాటలేదు, కరెంటూ దాటలేదు. ఇనుముకు ఇత్తడి తగలకుండా అంత శ్రద్ధగా చుట్టాడు మహానుభావుడు.

"బావా, గిది బోరు మోటర్ గాదు!"

"ఏదైతేంది? మర మరనే గద."

నాకు నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ పొలాల మధ్య గోడ కూడా లేదు.

స్విచ్చు విప్పి దారం తీసేద్దామంటే మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. చల్లారేదాకా ఆగితే వాన ఆగదు. పోనీ ఫ్యాన్లు తిరుగుతూనే ఉండనిద్దామంటే నా డైనమో అంతంతమాత్రం. బ్యాటరీ దిగిపోతే మిల్లు దగ్గర లైన్లో ఆపిన బండి మళ్ళీ లేవదు. ఇక వేరే దారి లేక ఆ వైరుకు ఇంకో ముక్క అతికి క్యాబిన్లోకి లాగాను. సీటు కింది ఇనుము మీద రంగు గీకి, వైరు కొస బావ చేతికిచ్చాను.

"సూది ఎర్ర గీత దగ్గరికొస్తె దీనికి ఆనియ్యి. దిగితె తియ్యి. గంతే."

అలా నా లారీకి మా బావే టెంపరేచర్ స్విచ్చయ్యాడు.

ఊరుకున్నాడా? "పెట్టిన," అంటాడు. కాసేపటికి "తీసిన," అంటాడు. మళ్ళీ "పెట్టిన." మధ్యలో సలహాలు: "నువ్వు రేసు ఎక్కువిస్తున్నవ్ బామ్మర్ది, గందుకే సూది లేస్తున్నది." చేసిందంతా చేసి నాకు బండి తోలడం నేర్పుతున్నాడు! స్టీరింగు పట్టుకుని పళ్ళు నూరాను. అద్దం మీద చినుకులు మొదలయ్యాయి.

"బావా, ఎనుక పరదా ఎగురుతుందేమో సూడు."

"నేను సూది సూస్తున్న. నువ్వు అద్దంల సూడు."

మిల్లు లైన్లో ఆపడం, లేపడం, ఆపడం. బ్యాటరీ మాట నిలబెట్టుకుంది. మా బండి షెడ్డు కిందికి చేరిన కాసేపటికే వాన దబదబా పడింది. హమాలీలు పరదా లాగి చూశారు. బస్తాలు పొడిగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ భుజాన వేసుకుని దించుతున్నారు. అమ్మయ్య అనుకుని బావ కోసం చూశాను. తన వడ్లు దిగేటప్పుడు ఏ రైతైనా పక్కనే నిలబడతాడు, బస్తా బస్తా కళ్ళతో పట్టుకుంటాడు. ఆయన లేడు.

ఇంజన్ ఆగిపోయింది గానీ ఫ్యాన్ల చప్పుడు ఆగలేదు. క్యాబిన్ తలుపు తీసి చూస్తే, వంగి కూచుని రెండు చేతులతో వైరును ఇనుముకు అదిమి పట్టుకుని ఉన్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళు సూది మీదే ఉన్నాయి.

"బావా, నీ వడ్లు దిగుతున్నయ్. ఇగ ఇడువు."

"జర ఆగు. సూది ఇంకా దిగలే. నీ ఇంజన్ ఖరాబైతది."

ఇంజన్ ఆపాక ఫ్యాన్లు తిప్పితే బ్యాటరీ ఖాళీ అవుతుందని అరవాలి. పొద్దుటి నుంచి నాలుక చివర దాచుకున్న తిట్లన్నీ ఒక్కసారే తిట్టాలి. తీరా చూస్తే, నేనూ పక్కన ఎక్కి కూచుని ఆ సూదినే చూస్తున్నాను. ఈ మనిషి నన్ను కోపం కూడా సుఖంగా తెచ్చుకోనివ్వడు.