బోటుకు పడిన బీటలు

జమ్మలమడుగు దగ్గరి జలాశయంలో టూరిస్టుల్ని తిప్పే ఫైబర్ బోటు నేను మామా అని పిలిచే ఓ పెద్దాయనది. ఆయన ఊరు కూడా ఆ నీళ్లలోనే మునిగిపోయింది. ప్రొద్దుటూరులో కార్లకు రంగులు వేసుకునే నన్ను వరసగా రెండు ఎండాకాలాలు పిలిపించాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు బోటు ముందు భాగంలో, అడుగున, సాలెగూడులాంటి సన్నని బీటలు కనిపించాయి. ఒంటి వేడి చూస్తున్నట్టు వాటి మీద అరచెయ్యి ఆనించి నిలబడటం ఆయన అలవాటు.

"పైపూత మాత్రమే చిట్లింది మామా, లోపల గట్టిగానే ఉండాది. అయితే రంగు కలవాలంటే మొత్తం వెయ్యాల. శానా ఖర్చు" అన్నాను.

"వెయ్యప్పా. బీటలు చూస్తే జనం ఎక్కరు" అన్నాడు.

మరుసటి ఏడు నీళ్లు తగ్గాక మళ్లీ ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే సరిగ్గా అక్కడే కొత్త బీటలు.

"ఏంది మామా, మళ్లా యాడ తగిలిచ్చినావు?" అని అడిగాను.

బోటును నీళ్లలోకి దింపి నన్ను ఎక్కించుకున్నాడు. కొంతదూరం పోయాక ఇంజను ఆపేశాడు. కింద నీళ్లు తప్ప నాకేమీ కనిపించలేదు.

"మా మిద్దె ఈడనే ఉండాదప్పా. మీ అత్త ఆ ఇంట్లోనే కన్ను మూసింది. నీళ్లొస్తాండాయంటే దీపం గూడా పెట్టకుండా వచ్చేసినా."

"ఈసారి రంగు వద్దా మామా?" అన్నాను.

"వెయ్యి. వచ్చే ఏడు గూడా పిలుస్తా."

బోటు తనంతట తానే మెల్లగా జరుగుతోంది. ఆయన వంగి చెప్పులు విడిచాడు. మరుక్షణం మా కాళ్ల కింద, తలుపు తట్టినంత మెల్లగా, ఏదో తగిలింది.