దారిలో ఉందనని మనిషి

ఆ ఆఫీసులో ఆవిడను అందరూ మైకమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. పుట్టి పెరిగిన ఇల్లు రంపపు మిల్లును ఆనుకుని ఉండేది. ఆ ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా గొంతు చించుకోవాల్సిందే. మిల్లు మూతపడింది, పెళ్ళయింది, ఇల్లు మారింది, గొంతు మాత్రం తగ్గలేదు. కోడలు రహస్యం చెప్పబోతే వీధి చివర టైలరు కూడా తలూపుతాడని అత్తగారు దెప్పుతుంది. అందులో అబద్ధం లేదు.

ఆవిడ పనిచేసేది సరుకులను దేశాలు దాటించే కంపెనీలో. కంపెనీకి సొంత ఓడ లేదు, విమానం లేదు, ఆ మాటకొస్తే సొంత లారీ కూడా లేదు. ఎవరి ఓడలోనో చోటు మాట్లాడి, ఎవరి లారీనో కుదిర్చి, ఎక్కడి సరుకునో ఇంకెక్కడో గుమ్మంలో దించడం వాళ్ళ పని. గోడ మీద ప్రపంచ పటం, దాని కింద వరుసగా బల్లలు, బల్లల మీద ఫోన్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఫోన్లలో ఒకటే ప్రశ్న: "మా సరుకు ఎక్కడుంది?" ఒకటే జవాబు: "దారిలో ఉందండి."

ఆ మాట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ వాడికి దండం పెట్టాలి. గోడౌనులో దుమ్ము పట్టి కూర్చున్న పెట్టె దారిలోనే ఉంటుంది. కస్టమ్స్ వాళ్ళు పక్కన పడేసిన పెట్టె కూడా దారిలోనే ఉంటుంది. లారీ టైరు పేలి నడిరోడ్డుకు అడ్డంగా నిలబడిపోతే ఇక చెప్పేదేముంది, అక్షరాలా దారిలో ఉన్నట్టే.

ఇది కాక లోపల్లోపల వాడుకునే మాట ఇంకొకటుంది. ఓడలో చోటు చాలక కంటైనరును రేవులోనే వదిలేసి పోతే, ఈ వ్యాపారంలో వాళ్ళు 'రోలయింది' అంటారు. ఒకసారి కొత్తగా చేరిన పిల్ల ఆ మాటే కస్టమరుతో అనేసింది. అవతల ఆయన సరుకు గాజు సామాను. "దొర్లిపోయిందా? ఎక్కడ్నుంచి ఎక్కడికి దొర్లిందమ్మా?" అని ఆయన ఏడ్చినంత పని చేశాడు. ఆనాటి నుంచి ఆ మాట కస్టమర్ల దగ్గర అనకూడదని మేనేజరు కట్టడి చేశాడు. రోలయినా, కాలిపోయినా, దారిలో ఉన్నట్టే చెప్పాలి.

మేనేజరు యజమాని భార్యకు స్వయానా తమ్ముడు. ఎదురుగా 'సార్', వెనకాల 'బావమరిది'. చెడ్డవాడనడానికి లేదు. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే ముందు ఇంటికి పొమ్మనేది ఆయనే. కస్టమరు చేజారిపోతే బావగారి ముందు తలెత్తుకోలేననే భయం ఒక్కటీ ఆయన్ని పట్టి పీడిస్తుంటుంది.

ఆ కస్టమర్లలో ఒక విత్తనాల వ్యాపారి ఉన్నాడు. ఆయన దుంప విత్తనం చల్లటి కంటైనరులో సముద్రం మీద రావాలి. ఓడ మార్చడానికి దాన్ని మధ్యలో ఒక రేవులో దించారు. అక్కడ ఎక్కించుకోవాల్సిన ఓడ నిండిపోయి, దాన్ని వదిలేసి వెళ్ళిపోయింది. ఇక్కడేమో రైతులు నేల దున్ని, తడి ఆరకముందే నాటాలని ఎదురుచూస్తున్నారు. వ్యాపారి ఫోను మీద ఫోను.

"ఒక్క మాట చెప్పమ్మా. వస్తోందంటే ఆగమంటా. రావడంలేదంటే ఇక్కడ దొరికిందేదో తెచ్చి ఇస్తా. నీ మాట మీదే ఉన్నారు వాళ్ళంతా."

మైకమ్మ నోరు తెరిచేలోపు బావమరిది బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. వేళ్ళు గాలిలో ముందుకు నడిపించి చూపించాడు. దారిలో ఉందను, అని.

"రేపు పొద్దున చెప్తానండి," అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ మాట తనకే చేదుగా అనిపించింది.

"రేపేం చెప్తావ్?" అన్నాడు బావమరిది. "నిజం చెప్తే ఆర్డరు రద్దు చేసుకుంటాడు. తర్వాతి ఓడకి వస్తే వచ్చిందని సంతోషిస్తాడు. మనమేం దొంగతనం చేస్తున్నామా?"

"అప్పటికి నేల ఎండిపోతుంది సార్."

"నేల సంగతి నీకెందుకు? నువ్వు వ్యవసాయం చేస్తున్నావా?"

ఇంటికొచ్చాక ఆవిడ గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేశాయి. మొగుడు లిఫ్టు మెకానిక్కు, నెమ్మదస్తుడు. భోజనాల దగ్గర సంగతంతా విన్నాడు.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోను చేస్తే మేం వచ్చేస్తున్నామని అనం," అన్నాడు. "ఎక్కడున్నామో చెప్తాం. దూరంగా ఉంటే దూరంగా ఉన్నామనే చెప్తాం. దాన్నిబట్టే వాళ్ళు ఓపిక పడతారు."

"చెప్తే నా సీటు పోతుంది."

అత్తగారు కంచం పక్కకు జరిపింది. "ఇన్నేళ్ళూ నా మీదకి లేచిన నోరు, ఆ బావమరిది ముందు మూగబోతుందంటే నాకు తలవంపులు కాదూ? అంత మెత్తని మనిషివైతే నన్నెందుకే అన్నన్ని మాటలన్నావ్?"

అది పొగడ్తో తిట్టో తెలియక మైకమ్మ పకపకా నవ్వేసింది. నవ్వుతుంటే ఎందుకో కళ్ళు తడిశాయి. భయం పోలేదు. భయాన్ని పక్కన కూర్చోబెట్టుకునే రేపటి పని చేయొచ్చని మాత్రం తోచింది.

మర్నాడు బ్యాగు భుజం మీంచి దించకుండానే ఆవిడ ఫోను చేసింది. "మీ విత్తనం ఓడ ఎక్కలేదండి. మధ్య రేవులోనే వదిలేశారు. ఎప్పుడెక్కుతుందో మాకు తెలియదు. దాని కోసం ఆగకండి."

వ్యాపారి మెచ్చుకుంటాడని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఆయన ఇంతెత్తున లేచాడు. కంపెనీని, ఓడను, సముద్రాన్ని, మైకమ్మను కలిపి కడిగేశాడు. ఆవిడ చివరిదాకా విని, "మీ కోపం న్యాయమేనండి," అంది. అవతల ఫోను ఠక్కున పెట్టేశారు.

ఆ గొంతుతో చెప్పిన మాట కేబిన్‌లో వినపడకుండా ఉంటుందా! బావమరిది ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చాడు. వరుస వరుసంతా పని ఆపి చూస్తోంది.

"మళ్ళీ చెయ్యి. పొరబాటున ఇంకొకరి కంటైనరు చూసి చెప్పానను. దారిలో ఉందను. లేదా రేపట్నుంచి గోడౌనుకి పో, అక్కడ పెట్టెలకి చెప్పుకో నీ నిజాలు."

ఆవిడ మళ్ళీ ఫోను కలిపింది. అందరికీ వినపడేలా స్పీకరు నొక్కింది.

"అయ్యా, నేనే. మీ సరుకు దారిలో ఉందని చెప్పమని మా మేనేజరు గారు పక్కనే నిలబడి చెప్తున్నారు. అందుకే చేశాను. అది దారిలో లేదు. తర్వాత ఎవరు ఫోను చేసి ఉందన్నా నమ్మకండి. విత్తనం కొనేసుకోండి."

"విత్తనం తేవడానికి మనుషుల్ని అప్పుడే పంపించానమ్మా," అన్నాడాయన, ఈసారి కోపం లేకుండా. "సాయంత్రానికి నాట్లు మొదలవుతాయి."

బావమరిది వంగి తీగ పీకేశాడు. ఫోను చంకన పెట్టుకుని కేబిన్‌లోకి పోయాడు. కుర్చీ తీసుకుపోలేదు, మర్చిపోయాడు కాబోలు.

మర్నాడు మైకమ్మ వచ్చి ఖాళీ బల్ల ముందు ఆ కుర్చీలోనే కూర్చుంది. బావమరిది చూశాడు.

"గోడౌనుకి పొమ్మన్నానా లేదా?"

"దారిలో ఉన్నానండి."

వరుసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గు నటించారు. ఆయన ఏదో అనేలోపు పక్క సీటు పిల్ల ఫోను మోగింది. ఆ పిల్ల రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, మేనేజరును చూసి, మైకమ్మ వైపు తిరిగింది.

"అక్కా, ఎవరో యంత్రాల వాళ్ళు. మీతోనే మాట్లాడతారట. విత్తనాలాయన చెప్పాడట."

"ఇవ్వకు," అన్నాడు బావమరిది.

పిల్ల చెయ్యి కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత రిసీవరు మైకమ్మ వైపు వచ్చింది. ఆవిడ వివరాలు అడిగింది, పక్క కంప్యూటరు తెర మీద వెతకమని పిల్లకు సైగ చేసింది, తనూ చూసింది.

"మీ పెట్టె ఇంకా మా గేటు కూడా దాటలేదండి. ఈ వారం దాటేలా లేదు. మీ ఏర్పాట్లు మీరు చూసుకోండి. కదిలిన రోజు నేనే ఫోను చేస్తాను."

రిసీవరు పిల్లకిచ్చేసి మైకమ్మ మేనేజరు వైపు తిరిగింది.

"కుర్చీ కూడా తీసుకుపోతారా సార్? తీసుకుపోండి. నిలబడి చెప్తాను."